కొండ కరగకుండా ఎంత తినొచ్చు?

ఆ మనిషి అసలు పుట్టలేదు. పేరు లేదు, ఊరు లేదు, పెళ్లాంపిల్లలు లేరు. 1968 అక్టోబరు 1న అమెరికాలో రిటైరయ్యాడని మాత్రం తెలుసు. అంతకన్నా చెడ్డ ముహూర్తం ఆ దేశపు లెక్కల్లో ఇంకోటి దొరకలేదు. నలభై ఐదేళ్లకే ఉద్యోగానికి దండం పెట్టేద్దామని మాదాపూర్‌లో కూర్చుని లెక్కలేసుకునేవాళ్లయినా, అదే ఆలోచనతో కాలిఫోర్నియాలో కొలువు చేస్తున్న మన ఇంజనీర్లయినా మంత్రంలా చెప్పుకునే ‘4 శాతం’ వెనక ఈ లేని మనిషి పడ్డ పాట్లున్నాయి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మనవాళ్లు అన్నారు. ఎంత తింటే ఎన్నాళ్లకు కరుగుతాయో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ వాళ్లకు రాలేదు. అసలు ముట్టుకోకుండా వడ్డీతో గడుపుకోవడమే తెలిసిన పద్ధతి. ఆ కొండకు కొలతబద్ద పట్టినవాడు విలియం బెంగెన్.

బెంగెన్ ఎంఐటీలో విమానాల, అంతరిక్ష నౌకల ఇంజనీరింగ్ చదివాడు. చదివింది పక్కనపెట్టి, కుటుంబానికున్న కూల్‌డ్రింకుల వ్యాపారంలో దిగాడు. 1987లో అది అమ్మేశాక దక్షిణ కాలిఫోర్నియా చేరి, డబ్బు దాచుకున్నవాళ్లకు సలహాలిచ్చే పని పెట్టుకున్నాడు. రిటైరవబోయేవాళ్లకు కావలసింది ఒక్కటే జవాబు: దాచింది చచ్చేదాకా సరిపోవాలంటే ఏడాదికి ఎంత తీయొచ్చు? షేర్లు సగటున ఇంత పెరుగుతాయి, ధరలు సగటున ఇంత పెరుగుతాయి, కాబట్టి తేడా తినెయ్యండి అనేవాళ్లు అప్పటికి ఉన్నారు. బెంగెన్‌కు ఆ సగటు మీద నమ్మకం కుదరలేదు. సగటు సంవత్సరం అంటూ ఒకటి వచ్చి ఎవరి తలుపూ తట్టదు కదా.

1926 నుంచి ఉన్న షేర్ల, బాండ్ల, ధరల పట్టికలు ముందేసుకున్నాడు. 1926లో రిటైరైనవాడు ఒకడు, 1927లో ఇంకొకడు, ఇలా ఏడాదికో కాగితం మనిషిని పుట్టించాడు. వాళ్ల సొమ్ములో సగం నుంచి ముప్పాతిక దాకా షేర్లలో, మిగతాది ప్రభుత్వ బాండ్లలో పెట్టించాడు. మొదటి ఏడు సొమ్ములో 4 శాతం తీసుకోవాలి. ఆ పైన మార్కెట్ లేచినా పడినా పట్టించుకోకుండా, ధరలు ఎంత పెరిగితే తీసుకునేది అంత పెంచుకుంటూ పోవాలి. అలా తిన్న ఏ ఒక్కడికీ 30 ఏళ్లలోపు డబ్బు అయిపోలేదు. ఆ వ్యాసం 1994 అక్టోబరులో ‘జర్నల్ ఆఫ్ ఫైనాన్షియల్ ప్లానింగ్’లో వచ్చింది. తరవాత లెక్కను ఇంకా సన్నటి జల్లెడ పడితే అందరిలోకీ దురదృష్టవంతుడిగా తేలినవాడే మన 1968 అక్టోబరు మనిషి. అతనికి 30 ఏళ్లు గడవాలంటే మొదటి ఏడు తీయగలిగింది 4.15 శాతం. అంతకు మించితే ముందే ఖాళీ.

అంతరిక్షం చదివిన బుద్ధి ఊరుకోదు. మార్కెట్ పతనాలకు బెంగెన్ ఆకాశం నుంచి పేర్లు తెచ్చాడు. 1929 నాటిది లిటిల్ డిప్పర్, 1937లో మొదలైంది బిగ్ డిప్పర్, 1973-74 నాటిది బిగ్ బ్యాంగ్. చరిత్ర పుస్తకాల్లో మహామాంద్యం అనిపించుకున్నది ఆయన దృష్టిలో చిన్నది! కారణముంది. 1929 తరవాత షేర్లు నేలమట్టమయ్యాయి గానీ వాటితోపాటు సరుకుల ధరలూ పడిపోయాయి. ఆ రిటైరీ తీసుకోవాల్సిన డబ్బూ తగ్గింది. 1970లలో అలా జరగలేదు. 1968 చివర్లో 980 దాటిన డౌజోన్స్ సూచీ 1974 డిసెంబరులో 578కి జారింది. 1982 ఆగస్టులో కూడా 777 దగ్గరే ఈడుస్తోంది. ధరలు మాత్రం ఆ పద్నాలుగేళ్లలో దాదాపు మూడింతలయ్యాయి. లక్ష డాలర్లతో రిటైరై మొదటి ఏడు 4 వేలు తీసుకున్నవాడు, అదే తిండి తినడానికి, అదే ఇంట్లో ఉండడానికి 1982లో 11 వేలకు పైగా తీయాలి. కొండను కరిగించింది షేర్ల పతనం కన్నా ఎక్కువగా పచారీ కొట్టు చీటీ.

ఇక్కడో తమాషా కూడా ఉంది. కాగితం మనిషి 1968లో మార్కెట్‌లోని పెద్ద కంపెనీలన్నిటినీ కలిపి ఒకేసారి కొన్నట్టు లెక్క. నిజానికి మామూలు మనుషులకు అలాంటి సరుకు 1976 దాకా అమ్మకానికే రాలేదు. ఆ ఏడు జాన్ బోగుల్ అనే ఫండ్ల వ్యాపారి ఇండెక్స్ ఫండ్ తెచ్చి 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే, వచ్చింది కోటీ 13 లక్షలు. వాల్‌స్ట్రీట్ దానికి ‘బోగుల్ తెలివితక్కువతనం’ అని పేరు పెట్టింది.

మన ప్రభుత్వ పెన్షనర్‌కు ఈ లెక్కలతో పని పడలేదు. తెలుగునేల ఒకసారి పెద్దయెత్తున ముందస్తు విరమణ చూసింది కూడా, ఎవరూ కోరుకోకుండానే. 1983 జనవరిలో గద్దెనెక్కిన ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు నెలలు తిరక్కుండానే ఉద్యోగుల విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. ఫిబ్రవరి 28న వేలమంది ఒక్క రోజే ఇళ్లకు వెళ్లారు. కోర్టులకెక్కారు. 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్నే సమర్థించింది, అప్పటికి వయసు మళ్లీ 58 అయి కూర్చుంది. మూడేళ్ల జీతం పోయిందని వాళ్లు కుమిలిన మాట నిజమే. కానీ నెలనెలా పెన్షన్, దాని మీద ధరలతోపాటు పెరిగే కరువు భత్యం ఉన్నాయి. బెంగెన్ సూత్రాన్ని మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, సర్కారు కొలువు లేని మనిషి తనకు తానే మంజూరు చేసుకునే డీఏ.

ఆ భరోసా కూడా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లకు పాత పెన్షన్ బదులు, జీతంలోంచి చందా కట్టుకోవాల్సిన సీపీఎస్ వచ్చింది. ప్రైవేటు ఉద్యోగికి మొదటినుంచీ లేదు. కాబట్టి ‘ఫైర్’ అనే పొట్టి పేరుతో అమెరికా నుంచి వచ్చిన ముందస్తు విరమణ ఆలోచన ఇక్కడ బాగానే నాటుకుంది. నెలకు 60 వేలు ఖర్చయ్యే ఇంటికి ఏడాదికి 7 లక్షల 20 వేలు. అది 4 శాతం కావాలంటే దాన్ని 25తో గుణించాలి: కోటీ 80 లక్షలు. అంత జమైన రోజున స్వేచ్ఛ.

నాకు ఆ గుణకారం మీద అనుమానాలున్నాయి. బెంగెన్ మనుషులు తినాల్సింది 30 ఏళ్లు. నలభైలో మానేసినవాడు యాభై ఏళ్లు తినాలి. పైగా ఆ 4 అమెరికా అంకె. మన సెన్సెక్స్ లెక్క 1978-79ని 100గా పెట్టుకుని మొదలైంది. అక్కడి నుంచి 30 ఏళ్ల జీవితాలు నిండుగా గడిపిన కాగితం మనుషులు మనకు పట్టుమని ఇరవైమంది లేరు. వాళ్లందరూ ఒకే కాలపు పిల్లలు. ధరల పెరుగుదల 25 శాతం దాటిన మన 1974 ఆ పట్టికకు అందలేదు. వడ్డీనే నమ్ముకున్నవాళ్ల కథ ఇంకోటి. 1968లోనే, సరిగ్గా మన దురదృష్టవంతుడు రిటైరైన ఏడే, పీపీఎఫ్ మొదలైంది, 4.8 శాతం వడ్డీతో. 1986 నుంచి 2000 మొదలయ్యేదాకా 12 శాతం ఇచ్చింది. 2020 ఏప్రిల్లో 7.1కి దిగింది. పన్నెండు శాతం రోజుల్లో వేసుకున్న బతుకు లెక్క ఇవాళ ఎక్కడ తేలుతుంది? చెల్లెలి కూతురి పెళ్లి, అమ్మ మోకాలి ఆపరేషన్ వంటివి ఆ 60 వేలలో ఎవరూ కలపరన్నది వేరే సంగతి.

ఇంతకీ ఆ చెడ్డ ముహూర్తంలోనే నిజంగా ఉద్యోగం మానేసిన మనిషి ఒకడున్నాడు. జో డొమింగెజ్. న్యూయార్క్‌లోని హార్లెమ్ పేటలో పెరిగి, వాల్‌స్ట్రీట్‌లో విశ్లేషకుడిగా పనిచేసి, 1969లో 31వ ఏట బయటికొచ్చాడు. చేతిలో ఉన్నది సుమారు 70 వేల డాలర్లు, అదీ ప్రభుత్వ బాండ్లలో. ఏడాది ఖర్చు 6 వేల డాలర్ల చుట్టూ. బెంగెన్ తాసులో తూస్తే ఎనిమిది శాతం పైమాటే, మునిగిపోవాల్సిన లెక్క. మునగలేదు. మళ్లీ డబ్బు కోసం పనిచేయలేదు.

ఎలాగంటే, ధరలు పెరిగినా ఖర్చు పెంచలేదు. సియాటిల్‌లో విక్కీ రాబిన్‌తో, మరికొందరు స్నేహితులతో ఒకే ఇల్లు పంచుకున్నాడు. ఖర్చుపెట్టే ప్రతి పైసా రాసేవాడు. ఒక వస్తువు ఖరీదు ఎంత అని కాదు, అది కొనడానికి నా బతుకులో ఎన్ని గంటలు అమ్ముకోవాలి అని లెక్క కట్టేవాడు. గోడ మీద ఒక పెద్ద కాగితం: ఖర్చు ఒక గీత, పెట్టుబడి మీద వచ్చేది ఇంకో గీత. రెండోది మొదటిదాన్ని దాటిన నెల నుంచి జీతం అక్కర్లేదు. ఈ పాఠాలే ముందు క్యాసెట్లుగా తిరిగి, 1992లో రాబిన్‌తో కలిసి రాసిన ‘యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్’ పుస్తకమయ్యాయి. అది విపరీతంగా అమ్ముడుపోయింది. వచ్చిన సొమ్ము తాము పెట్టిన సేవాసంస్థకు ఇచ్చేశారు. బెంగెన్ వ్యాసం రావడానికి ఇంకా రెండేళ్లుంది.

నన్ను ఆకట్టుకునేది ఆ 70 వేలు కాదు, 6 వేలు. కాగితం మనిషికి అలా తగ్గించుకునే దారి లేదు. పట్టికలో ధర పెరిగితే అతని ఖర్చు పెరిగి తీరాలి. స్నేహితుల ఇల్లు అతనికి లేదు, పాత చొక్కా లేదు.

డొమింగెజ్ క్యాన్సర్‌తో 1997 జనవరిలో పోయాడు, 58 ఏళ్లకు. అప్పట్లో మన దగ్గర సర్కారు ఉద్యోగి రిటైరయ్యే వయసు అది. కాగితం మనిషి ఖాతాలో అప్పటికింకా ఏడాదిన్నర తిండికి పైగా మిగిలే ఉంది.