నలభై దాటాక మంచు మీద మూడంకె

ఫిగర్ స్కేటింగు అన్న మాటలోని ‘ఫిగర్’ నర్తకి అంగవిన్యాసాన్ని సూచిస్తుందని భావించేవారు చాలామంది. అసలు అర్థం వేరు. బూటు అడుగున బిగించిన ఉక్కు పలక మంచు మీద గీసే ఆకృతికి ఆ పేరు. వృత్తము, ఎనిమిదంకె, మూడంకె. ఒంటికాలి మీద ఒక వృత్తం గీసి, రెండవమారు అదే గీత మీదుగా పోవాలి. సంక్రాంతి నెలలో వాకిట ముగ్గు పెట్టిన వారికి ఈ విద్య మర్మాన్ని నేను వివరింపనక్కరలేదు. చేయి ఎక్కడ తడబడిందో గీతే చెబుతుంది.

ఈ విద్యను కల్పించినవారు పిల్లలు కారు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఎడింబరో స్కేటింగు క్లబ్బులో చేరగోరే పెద్దమనిషి ఒక్కొక్క కాలి మీద ఒక్కొక్క వృత్తం పూర్తిచేసి, ఆపైన నేల మీద పెట్టిన టోపీని ఒకదానిని, పిదప రెండింటిని, పిదప మూడింటిని దూకి చూపవలసి ఉండేది. ఈ కళ మీద ఆంగ్లంలో తొలి పుస్తకం 1772లో రాబర్ట్ జోన్సు రాశాడు. చదువరులు ఎదిగిన పురుషులే. తరువాత జాక్సన్ హెయిన్సు అనే అమెరికను నర్తకుడు స్వదేశంలో ఆదరణ లేక ఐరోపాకు వలసపోయి, వియన్నాలో వాల్ట్జ్ సంగీతానికి అనుగుణంగా మంచు మీద నర్తించాడు. ఆ బాణీయే నేటి క్రీడకు మూలం.

1902లో లండనులో జరిగిన ప్రపంచ పోటీకి మాడ్జ్ సయర్సు అనే స్త్రీ దరఖాస్తు పెట్టింది. పోటీ పురుషులకు మాత్రమేనని నిబంధనలలో ఎక్కడా లేదు. అలా రాయవలసి వస్తుందని ఎవరికీ తోచలేదు కాబోలు! ఆమె ఉల్రిక్ సాల్కో తరువాత రెండవ స్థానంలో నిలిచింది. మరుసటి ఏడే స్త్రీలకు ప్రవేశం నిషేధించారు. పొడవాటి లంగాల వల్ల న్యాయనిర్ణేతలకు పాదాలు కనబడవన్నది చెప్పిన కారణాలలో ఒకటి. 1906లో స్త్రీలకు వేరుగా పోటీ పెడితే ఆమే గెలిచింది, 1908 లండను ఒలింపిక్సులోనూ ఆమే గెలిచింది. అదే ఒలింపిక్సు జంటల పోటీలో ఆమెతో కలిసి కాంస్యం అందుకొన్న భర్త ఎడ్గరుకు అప్పటికి నలభై అయిదేళ్లు. 1920లో ఆంట్వెర్పులో పురుషుల కాంస్యం గెలిచిన నార్వే దేశస్థుడు మార్టిన్ స్టిక్స్‌రూడుకు నలభై నాలుగు.

మరి ఇది చిన్నపిల్లల ఆట ఎప్పుడయింది? నా మటుకు సమాధానం మార్కుల పట్టికలో కనబడుతుంది. ఒకప్పుడు మొత్తం మార్కులలో అరవై శాతం ఈ గీతలకే. 1972లో ఆస్ట్రియాకు చెందిన ట్రిక్సీ షూబా గీతల బలంతోనే ఒలింపిక్సు స్వర్ణం గెలిచింది. టీవీ ముందు కూర్చున్న జనానికి గీతలు కనబడవు, గెంతులే కనబడతాయి. గీతల వాటా తగ్గుతూ తగ్గుతూ వచ్చి, 1990 ప్రపంచ పోటీలతో ఆ అంకం ముగిసింది. గెంతి గాలిలో మూడు నాలుగు చుట్లు తిరగడానికి తేలిక దేహం కావాలి. గీతకు కావలసింది ఓర్పు. ఓర్పు వయసుతో వచ్చేది, గెంతు వయసుతో పోయేది.

మన దేశానికి మంచుగడ్డ తొలుత సరుకుగా వచ్చింది. బోస్టను దగ్గరి చెరువులలో కోసిన మంచును రంపపుపొట్టులో పొదిగి ఫ్రెడరిక్ ట్యూడరు 1833లో కలకత్తాకు పంపాడు. నూట ఎనభై టన్నులు ఎక్కిస్తే సుమారు వంద టన్నులు చేరింది. మదరాసు సముద్రతీరాన ఆయన కట్టించిన ఐసు హౌసే నేటి వివేకానందర్ ఇల్లం. సిమ్లాలో 1920 నుండి ఆరుబయట రాత్రి చలికి నీరు గడ్డకట్టించి స్కేటింగు చేస్తున్నారు. తెలుగువారికి దక్కింది మాత్రం చక్రాలే. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా గారు ఇవే విన్యాసాలను చక్రాల మీద చేసి 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్యాలు తెచ్చారు, 2015లో అర్జున పురస్కారం అందుకొన్నారు.

చక్రాలంటే మా సాలూరు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. నా బాల్యంలో విజయనగరం జిల్లా. ఒడిశా ఘాటు ఎక్కే లారీల ఊరు, లారీ బాడీలు కట్టే ఊరు. షెడ్లలో పారేసిన బేరింగులు మూడు ఏరి, చెక్కకు బిగించి, వాలులో వదిలేవాళ్లం. ఆ ఉక్కు గుండ్లనే స్కేటు చక్రాలలో ఇమిడ్చి రిచర్డ్‌సన్ అనే అమెరికను 1884లో పేటెంటు పుచ్చుకొన్నాడు. అంతకు ముందే 1863లో ప్లింప్టన్ ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కకే తిరిగే స్కేటును కనిపెట్టాడు. ఒరగడమే ఈ విద్య సర్వస్వం. మంచు స్కేటు పలక మందం కొద్ది మిల్లీమీటర్లే. దాని నడుమ సన్నని గాడి, గాడికి ఇటూ అటూ రెండు అంచులు. లోపలి అంచు మీద ఒరగడం పెద్దవారికీ పట్టుబడుతుంది. బయటి అంచు మీద ఒరగాలంటే, పడిపోతానని దేహం మొత్తుకొంటున్న వైపుకే దేహాన్ని అప్పగించాలి.

ఉద్యోగరీత్యా మిన్నెసోటాలో ఉంటూ నలభై రెండవ ఏట నేను ఇందులో దిగాను. మొదటి పాఠం పడడం. మోకాళ్లు వంచి, పక్కకు ఒరిగి, తొడ మీద పడాలి. చేయి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. పిల్లలు పడతారు, లేస్తారు. నాకు పడేలోగా ఇంటి వాయిదాలు, సెలవులు, ఆసుపత్రి ఖర్చు అన్నీ లెక్కకు వస్తాయి. సాలూరు నుండి అమ్మ ఫోనులో అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: “ఈ వయసులో ఏటి నాయనా ఇది? కాలిరిగితే పిల్లల్ని ఎవులు సూస్తారు?”

అమెరికాలో పెద్దల జాతీయ పోటీలు 1995లో మొదలయ్యాయి; జర్మనీలోని ఓబర్‌స్ట్‌డార్ఫులో 2005 నుండి ప్రపంచం నలుమూలల నుండీ పెద్దలు వచ్చి పోటీ పడుతున్నారు. నాకు పోటీ మీద ఆశ లేదు. కుడికాలి మూడంకె వచ్చింది. ఎడమకాలి వృత్తం మొదలుకూ చివరకూ నడుమ ఇంకా జానెడు ఎడం ఉంది. ఆదివారం తెల్లవారుజామున, జనం రాకముందు, మంచు కొత్తగా పరచినప్పుడు వెళ్తే గీత స్పష్టంగా కనబడుతుంది.