మస్కట్
మస్కట్ అనగానే మనకు గల్ఫ్ నగరం గుర్తొస్తుంది. వెన్న ప్యాకెట్ మీది పాపనూ మస్కట్ అనే అంటారు, కానీ ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్సాల్ భాషలో ‘మస్కో’ అంటే మంత్రగత్తె. దాన్నుంచి పుట్టిన మాట తాయెత్తుకు పేరైంది. 1880లో ఎడ్మండ్ ఆడ్రాన్ సంగీత నాటకం ‘లా మస్కాట్’ దాన్ని లోకమంతా తిప్పింది. అందులో అదృష్టం తెచ్చేది టర్కీ కోళ్లు కాసే పిల్ల. సిల్వెస్టర్ డకున్హా, యూస్టెస్ ఫెర్నాండెస్ కలిసి 1966లో ప్రాణం పోసిన అమూల్ పాపదీ ఆ కోవే: నీలి జుట్టు, చుక్కల గౌను.

పసుపు యార్డు ఊరు దుగ్గిరాలలో నాకు ఇంకో మస్కట్ కనిపిస్తాడు. తడి పసుపు ముద్దను వేళ్లతో నొక్కి, కొస పైకి లాగి, కుంకుమ బొట్టు పెడితే పసుపు గణపతి. ఏ పూజకైనా ముందు ఆయనే.