డ్యూకో కథ: బారూద్ నుంచి అబ్బా ఫియట్ దాకా

మన పాత మోటారు కారీగర్ల నోట ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది: "డ్యూకో కొట్టాలా సాబ్?" వాళ్లకి డ్యూకో అంటే స్ప్రేగన్‌తో కొట్టే రంగు. కారైనా అంతే, బీరువా అయినా అంతే. నిజానికి అది ఒక అమెరికన్ కంపెనీ తన రంగుకి పెట్టుకున్న పేరు. మా అబ్బా నడిపిన 1978 ప్రీమియర్ పద్మినిని (ఇంట్లో అందరం ఫియట్ అనే అంటాం) మళ్లీ తయారు చేయించాలనుకున్నప్పుడు ఆ పేరు తారీఖ్ తిరగేశాను. తక్కువ ఖర్చులో ఏ రంగు వేయించాలన్న సవాల్‌కి జవాబు అందులోనే దొరికింది.

మొదటి జమానాలో కార్లకి గుర్రపు బగ్గీలకి వేసినట్టే రంగు వేసేవాళ్లు. నూనె వార్నిష్ బ్రష్‌తో పూయాలి, ఆరాలి, రుద్దాలి, మళ్లీ పూయాలి. ఇలా వారాలు గడిచేవి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ జమానా బండే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ఆర్డర్ చేశారు. నవాబుల శౌక్‌కి వారాలు ఓ లెక్క కాదు. మామూలు మనిషి కొనే కారుకి అంత ఫుర్సత్ లేదు. అందుకే హెన్రీ ఫోర్డ్ 1914 నుంచి 1925 దాకా మోడల్ టి కారుని ఒక్క నలుపులోనే అమ్మాడు. ఆ నలుపు సస్తా, మజ్బూత్ కూడా. సస్తా కావాలంటే రంగుల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఈ ముడి విప్పింది బారూద్. మొదటి ప్రపంచ యుద్ధంలో డ్యూపాంట్ కంపెనీ తుపాకీ మందు భారీగా తయారు చేసింది. ఆ మందులో ఉండే నైట్రోసెల్యులోజ్‌తోనే 1923లో డ్యూకో లాకర్ తెచ్చింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లు ఆ లాకర్‌తో నీలం రంగులో బయటికొచ్చాయి. వారాల పని గంటల్లోకి దిగింది. రెండేళ్లు తిరక్కుండానే ఫోర్డ్ కూడా నలుపు ఒక్కటే అన్న జిద్దు వదిలేశాడు. రంగు అందరిదీ అయ్యింది.

మన దుకాణాల్లో "ఎన్.సి." అనే రంగు ఆ డ్యూకో ఖాందాన్‌దే. దానికి పోటీ హార్డ్‌నర్ కలిపి కొట్టే పి.యు. రంగు. ఎన్.సి. త్వరగా ఆరుతుంది, గీత పడితే అక్కడి వరకే సరిచేసుకోవచ్చు. పాత బండికి ఆ మెత్తటి మెరుపే నప్పుతుంది. కానీ ఎన్నో కోట్లు కొట్టాలి, చేత్తో పాలిష్ చేయాలి. పెట్రోల్ చుక్క పడితే మరక తప్పదు, వానాకాలంలో కొడితే తెల్లటి పొర కమ్ముతుంది. పి.యు.కి పాలిష్ మెహనత్ తక్కువ, ఎండకీ పెట్రోల్‌కీ బాగా తట్టుకుంటుంది. ఏది ఎంచుకున్నా మెటాలిక్ వద్దనుకుంటే పైన క్లియర్ కోటు ఖర్చు మిగులుతుంది.

బేరానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. థిన్నర్‌లో తడిపిన గుడ్డతో కనిపించని మూల రుద్దండి. రంగు సులువుగా గుడ్డకి దిగితే అది లాకర్. పాత రంగు ఎనామిల్ అయితే దాని మీద నేరుగా ఎన్.సి. కొట్టకండి, థిన్నర్ తగిలి ముడతలు లేస్తుంది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకనివ్వకండి, నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తోనే రుద్దించండి. తుప్పు తీయడం, ప్రైమర్, పుట్టీ, ఈ మూడింట్లో కంజూసీ చేస్తే ఎంత మహంగా రంగైనా నిలవదు.

ఇక అసలు మాట. పి.యు. హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీల్చినవాళ్లకి ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి పడితే ఆ పనే మానుకోవాల్సి రావచ్చు. బయటి నుంచి పైపుతో శుభ్రమైన గాలి అందించే మాస్క్ ఉంటేనే అది కొట్టాలి. నేను తిరిగిన దుకాణాల్లో ఉస్తాద్ ముక్కుకి కట్టుకున్నది దస్తీ. పక్కన నిలబడ్డ శాగిర్ద్ పిల్లాడికి అదీ లేదు. దస్తీ ఆ విషాన్ని ఆపదు. పి.యు.తో పాలిష్ కూలీ మిగిలిందని మనం లెక్కేసుకుంటే, ఆ మిగులు ఎవరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందో కూడా లెక్కలో రాసుకోవాలి.

అందుకని మా ఫియట్‌కి ఎన్.సి. రంగే ఖరారు చేశాను, మెటాలిక్ కాని సాదా రంగు. దాని థిన్నర్ ఆవిరీ మంచిది కాదు, పైగా బారూద్ బంధువు కదా, నిప్పుకి దగ్గర. తలుపులు తెరిచి, బీడీలు దూరం పెట్టి కొట్టాలి. ఖర్చుల కాగితంలో రంగు డబ్బాల కన్నా పైన ఇద్దరికి కార్ట్‌రిడ్జ్ మాస్కులు రాశాను. మీ ఇంట్లోనూ దాదాగారి బండి గుడ్డ కప్పుకుని ఉంటే, షేడ్ కార్డు తెరిచే ముందు ఆ లైన్ రాయండి.