రాళ్లతో పూడ్చేసిన సొరంగంలో మళ్లీ మనుషులు ఎలా నడుస్తున్నారు?

మా రావిర్యాల పక్కనే ఓఆర్ఆర్ ఎగ్జిట్ ఉంది కదా. మొత్తం 158 కిలోమీటర్ల రోడ్డు, కానీ నడిచేవాళ్లకి ఎంట్రీ లేదు. ఈరోజు కథ దీనికి రివర్స్. కార్ల కోసం కొండ తొలిచి వేసిన రోడ్డు, ఇప్పుడు అక్కడ కార్లకే ఎంట్రీ లేదు.

ప్లేస్ అమెరికాలో ఒరెగాన్. పోర్ట్‌ల్యాండ్, హిల్స్‌బరో వైపు మనవాళ్లు బాగానే ఉన్నారు, మీ బీటెక్ బ్యాచ్‌లో కూడా ఒకడైనా ఉండే ఉంటాడు. పోర్ట్‌ల్యాండ్ నుంచి కొలంబియా నది పక్కనే తూర్పుకి ఒక 100 కిలోమీటర్లు వెళ్తే హుడ్ రివర్ అనే ఊరొస్తుంది. అది దాటాక మోజియర్. ఈ రెండు ఊళ్ల మధ్యే మన సొరంగాలు. ఒకటి కాదు, జంట సొరంగాలు.

1908లో శామ్ హిల్ అనే వ్యాపారవేత్త, శామ్యూల్ లాంకాస్టర్ అనే ఇంజినీర్ పారిస్‌లో జరిగిన రోడ్ల మహాసభకి వెళ్లారు. ఆ ట్రిప్‌లోనే స్విట్జర్లాండ్‌లో సరస్సు వైపు కిటికీలు పెట్టి తొలిచిన ఒక కొండ రోడ్డు చూశారు. ఇక ఆ కిటికీల ఐడియా మనసులోంచి పోలేదు. 1913లో కొలంబియా నది రోడ్డు పని మొదలైంది. 1915లో మిచెల్ పాయింట్ దగ్గర ఐదు కిటికీల సొరంగం రెడీ. 1921లో మోజియర్ జంట సొరంగాలు, వాటికీ నది కనిపించేలా కిటికీలు పెట్టారు. సరుకు లారీల కోసం ఎవరైనా కిటికీలు పెడతారా చెప్పండి? ఆ రోడ్డు వేసిందే ఆగి చూడటానికి.

అదే ఏడాది నవంబర్‌లో మంచు తుఫాను. కొందరు ప్రయాణికులు అక్కడే ఇరుక్కుపోయారు. వాళ్లు ఊరికే కూర్చోకుండా, 19 నుంచి 27 వరకు మంచులో చిక్కుకున్నామని పేర్లతో సహా సొరంగం గోడ మీద చెక్కేశారు. వందేళ్లు దాటినా ఆ చెక్కుడు ఉంది. అప్పటి స్టేటస్ అప్‌డేట్ అనుకోండి!

అసలు ప్రాబ్లమ్ వెడల్పు. 17 అడుగులే. బండ్లు పెద్దవయ్యేసరికి ఎదురెదురుగా రెండు పట్టేవి కావు. 1938లో 20 అడుగులు చేశారు, అయినా సరిపోలేదు. 1950ల్లో కింద నది ఒడ్డున కొత్త హైవే రాగానే మోజియర్ సొరంగాలు మూసేసి రాళ్లు నింపేశారు.

ఇక్కడే ట్విస్ట్. ఐదు కిటికీల మిచెల్ పాయింట్ ఇంకా అందంగా ఉండేది. కానీ హైవే వెడల్పు కోసం 1966లో దాన్ని పేల్చేశారు. పూడ్చినదాంట్లోంచి రాళ్లు తీస్తే సొరంగం దొరుకుతుంది, పేల్చినదాంట్లో ఏం దొరుకుతుంది? మన హైదరాబాద్ కోటగోడకి ఒకప్పుడు 13 దర్వాజాలు. ఇప్పుడు నిలబడి ఉన్నవి రెండే, పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. మిగతావి ఏరియా పేర్లుగానే మిగిలాయి.

మోజియర్‌లో మాత్రం రాళ్లన్నీ తోడేసి, కొండ మీంచి బండలు పడకుండా పైన కాంక్రీట్ కప్పు కట్టి, 2000లో నడిచేవాళ్లకి, సైకిళ్లకి తెరిచారు. మొత్తం ట్రయల్ ఏడు కిలోమీటర్ల పైనే. పేల్చేసిన మిచెల్ పాయింట్ సంగతా? ఆ కొండలోనే 655 అడుగుల కొత్త సొరంగం తొలిచారు. మళ్లీ ఐదు కిటికీలే. 2025లో ఓపెన్ అయింది, ఈసారి కార్ల కోసం కాదు.

మీ ఫ్రెండ్ పోర్ట్‌ల్యాండ్‌లో ఉంటే ఈ వీకెండ్ పంపించండి. ఆ మంచు స్టేటస్ ఫొటో తీసి పెట్టమనండి.