శైశవమున మస్తిష్క పక్షవాతము

అశోకచక్రవర్తి దక్షిణ రాజధానియగు సువర్ణగిరి మా పశ్చిమ కర్నూలు సీమలోని జొన్నగిరియే యని చరిత్రకారులు పలువురు తలంతురు. సమీపముననున్న యెఱ్ఱగుడి శిలాశాసనములలో రెండవది మనుష్యులకును పశువులకును చికిత్స కల్పింపబడిన దనియు, ఓషధులు లేనిచోట తెప్పించి నాటింపబడిన వనియు చాటుచున్నది. వైద్యమును రాజధర్మముగా నెంచిన యీ సీమలోనే, మెడ నిలువని బిడ్డను జూచి బాలగ్రహ మనియు, తల్లి పాప మనియు ననువారు నేటికిని గలరు. ఆ మాట నిరాధారమని వైద్యచరిత్ర తెలుపుచున్నది.

కాశ్యపసంహిత యేడాది నిండినను నడువని శిశువు వ్యాధికి ఫక్కమని పేరిడినది. పాలదోషమును, గర్భమును, ఇతర వ్యాధులను కారణములుగా జెప్పి, నడక నేర్పుటకు మూడు చక్రముల బండిని విధించినది. ఫక్కమును మస్తిష్క పక్షవాతమును ఒకటే యనరాదు. కాని సాధనచే బిడ్డను నడిపింప యత్నించిన యా దృష్టి శ్లాఘనీయము.

1861లో లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్, కష్టప్రసవము, నెలలు నిండని జననము, పుట్టగనే యూపిరాడకుండుట యను వానివలన శిశువుల యవయవములు బిగుసుకొనునని ప్రసూతివైద్యుల సభలో వాదించెను. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆ లోపము గర్భముననే యారంభము కావచ్చునని సూచించెను. ఇరువురి మాటలయందును సత్యము గలదని పిదప తేలినది. తీవ్రమైన పచ్చకామెర్లును, మెదడునకు సోకు వ్యాధులును ఇతర హేతువులు. వైద్యులు సెరిబ్రల్ పాల్సీ యనునది దీనినే.

తల్లిదండ్రులు గమనింపవలసిన గుర్తులివి: నాలుగవ నెల దాటినను మెడ నిలువకుండుట, పిడికిళ్లు విప్పకుండుట, ఎత్తుకొనగనే కాళ్లు కత్తెరవలె పెనవేసికొనుట, దేహము కొయ్యవలె బిగియుట, లేదా గుడ్డవలె వ్రేలాడుట, పాలు చీకుటకు కష్టపడుట, తొమ్మిదవ నెలకును ఆధారము లేక కూర్చుండలేకుండుట, ఏడాది నిండకమున్నే యొక చేతినే వాడుట. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఈ లెక్కను ప్రసవము కావలసిన తేదినుండి వేయవలెను. ఒక్క గుర్తుచే రోగము నిర్ణయము కాదు. వైద్యునకు జూపుటకు మాత్ర మొక్కటియే చాలును.

"తండ్రియు రెండేండ్లకే నడిచినాడు, తొందరయేల?" యని పెద్దలు ధైర్యము చెప్పుట మేమెఱుగుదుము. ఆ ధైర్యమే హాని చేయును. మెదడునకు గలిగిన గాయము మానదు. కాని లేతమెదడు సాధనచే క్రొత్తదారులు నేర్చుకొనగలదు. కావున తొలినెలలు అమూల్యములు. ఇట్టి బిడ్డలలో పెక్కండ్రకు బుద్ధి చక్కగానే యుండుననియు మఱువరాదు.

1999 నాటి జాతీయ న్యాస చట్టము వీరి సంరక్షణకై పుట్టినది. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము అంగన్‌వాడీలలోను బడులలోను పిల్లలను పరీక్షించుటకై యేర్పడినది. తాయెత్తునకు దారి వెదకు తల్లికి ఈ దారి చూపుట పొరుగువారి ధర్మము.