లినక్స్ వేశాక స్క్రీన్ నల్లగా ఉందా? అంగడికి పోయేముందు ఇవి చూడండి



విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఇళ్ళల్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. అందుకని మన పిల్లల ఇళ్ళల్లో లినక్స్ మింట్, ఉబుంటు వేసుకుంటున్నారు. లినక్స్ మనకు మరీ కొత్తదేం కాదు. తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి విద్యార్థులకు ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో విండోస్ పక్కనే బాస్ లినక్స్ కూడా ఉండేది. దాన్ని తయారుచేసింది సి-డాక్ సంస్థ.

లినక్స్ వేశాక ఎక్కువమందికి వచ్చే చిక్కు స్క్రీన్‌దే. మన బడి పిల్లవాడు ఒకడు ఇంట్లో లినక్స్ వేసుకున్నాడు. వేసేటప్పుడు అంతా బాగుంది, రీస్టార్ట్ చేయగానే స్క్రీన్ నల్లబడింది. వాళ్ళ నాయన అంగడికి తీసుకుపోతే "బోర్డు పోయింది, మార్చాల" అన్నారంట. అంత డబ్బు లేక ల్యాప్‌టాప్ రెండు నెలలు బీరువా మీదే ఉండిపోయింది. చివరికి ల్యాబ్‌కి తెచ్చారు. ఒక్క పదం టైపు చేసేసరికి బొమ్మ వచ్చింది. బోర్డుకేమీ కాలేదు.

అందుకే ఈ వ్యాసం. ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోండి: స్క్రీన్ నల్లగా ఉందంటే కంప్యూటర్ చెడిపోయిందని అర్థం కాదు. బొమ్మ ఎక్కడి దాకా వచ్చి ఆగిందో చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

(గమనిక: కీల పేర్లు, ఆదేశాలు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే చేయాలి.)

మొదటి పని: ఎక్కడ ఆగిందో చూడండి

కంప్యూటర్ ఆన్ చేశాక స్క్రీన్ మీద వరుసగా ఇవి రావాలి:

1. కంప్యూటర్ కంపెనీ లోగో
2. గ్రబ్ మెనూ: ఉబుంటునా, విండోస్‌నా అని అడిగే జాబితా (ఒక్క లినక్సే ఉంటే ఇది కనపడకుండానే దాటిపోవచ్చు)
3. లినక్స్ లోగో
4. పాస్‌వర్డ్ అడిగే పేజీ
5. డెస్క్‌టాప్

ఏ నంబరు దాకా వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత కింద మీకు సరిపోయే భాగం చదవండి.

కంపెనీ లోగో కూడా రాకపోతే

ఇది లినక్స్ తప్పు కాదు. లోగో వచ్చే సమయానికి లినక్స్ ఇంకా మొదలే కాలేదు. ఇవి చూడండి:

- బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గిపోయిందేమో. ల్యాప్‌టాప్‌లో సూర్యుడి గుర్తు ఉన్న కీని ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కి చూడండి.
- గది చీకటి చేసి, సెల్‌ఫోన్ టార్చ్‌ని స్క్రీన్‌కి పక్కవాటుగా పట్టండి. బొమ్మ మసకగా కనపడితే కంప్యూటర్ పనిచేస్తోంది, స్క్రీన్ వెనకాల వెలుగు రావడం లేదంతే. అది రిపేరు పని.
- డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే మానిటర్ వైరు రెండు వైపులా గట్టిగా ఉందో లేదో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే వైరు ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకి కాదు.

లోగో వచ్చి, ఆ తర్వాత నల్లబడితే

ఎక్కువమందికి వచ్చేది ఇదే. కారణం గ్రాఫిక్స్ డ్రైవర్. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కి కావలసిన డ్రైవర్లు లినక్స్‌తోనే వస్తాయి, వాటితో గొడవ తక్కువ. ఎన్‌విడియా కార్డు ఉంటే మాత్రం లినక్స్ మొదట "నూవో" అనే ఉచిత డ్రైవర్‌తో నడపడానికి చూస్తుంది. కొన్ని కార్డులతో దానికి పొసగదు. అప్పుడు కంప్యూటర్ లోపల నడుస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు.

నిజంగా నడుస్తోందా అని చూడాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలతో లాగిన్ అని అడిగితే మీ లినక్స్ బాగానే ఉన్నట్టు. (అక్కడ పాస్‌వర్డ్ టైపు చేస్తుంటే ఏమీ కనపడదు. అది మామూలే, టైపు చేసి ఎంటర్ కొట్టండి.)

ఇక బొమ్మ తెప్పించే పద్ధతి:

1. కంప్యూటర్ ఆపి ఆన్ చేయండి. కంపెనీ లోగో రాగానే ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కండి. బాగా పాత కంప్యూటర్ అయితే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి. గ్రబ్ మెనూ వస్తుంది.
2. ఎస్కేప్ ఎక్కువసార్లు నొక్కితే మెనూ బదులు "గ్రబ్" అన్న పదం ఒక్కటే కనపడి ఆగిపోవచ్చు. కంగారొద్దు. రీబూట్ అని టైపు చేసి ఎంటర్ కొట్టి, మళ్ళీ మొదలుపెట్టండి.
3. మెనూలో మొదటి వరుస మీద ఉండి ఇ అక్షరం నొక్కండి. కొన్ని వరుసల రాత వస్తుంది.
4. అందులో "లినక్స్" అనే పదంతో మొదలయ్యే వరుస వెతకండి. దాని చివరివైపు "క్వయెట్ స్ప్లాష్" అని ఉంటుంది.
5. స్ప్లాష్ తర్వాత ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని టైపు చేయండి. అక్షరాలు: ఎన్, ఓ, ఎమ్, ఓ, డి, ఇ, ఎస్, ఇ, టి. అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మిగతా రాతను ముట్టుకోవద్దు.
6. ఎఫ్10 కానీ, కంట్రోల్ ఎక్స్ కానీ నొక్కండి.

ఈ పదం లినక్స్‌కి "గ్రాఫిక్స్ డ్రైవర్‌తో ఇప్పుడు పనిపెట్టుకోకు, సాదా పద్ధతిలో బొమ్మ చూపించు" అని చెబుతుంది. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. రీస్టార్ట్ చేస్తే పోతుంది, కాబట్టి తప్పు జరిగినా నష్టం లేదు.

యూఎస్‌బీ నుంచి లినక్స్ వేసేటప్పుడే నల్లబడితే ఉబుంటు మెనూలో "సేఫ్ గ్రాఫిక్స్", మింట్ మెనూలో "కంపాటిబిలిటీ మోడ్" ఎంచుకోండి. అవి కూడా చేసేది ఇదే పని.

బొమ్మ వచ్చాక డ్రైవర్ వేయాలి

నోమోడ్‌సెట్‌తో వచ్చిన బొమ్మ పనికొస్తుంది కానీ వీడియోలు నిదానంగా ఆడతాయి. ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్ళు అక్కడితో ఆగకండి. ఇంటర్నెట్ పెట్టుకోండి. వైఫై రాకపోతే ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు. తర్వాత మింట్‌లో "డ్రైవర్ మేనేజర్", ఉబుంటులో "అడిషనల్ డ్రైవర్స్" తెరవండి. "రికమెండెడ్" అని పక్కన ఉన్నదాన్ని ఎంచుకొని వేయండి.

ఇక్కడ చాలామంది ఒకచోట తప్పటడుగు వేస్తారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌లో డ్రైవర్ వేసేటప్పుడు ఒక కొత్త పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు పేజీ వస్తుంది. అందులో "ఎన్‌రోల్ మోక్", తర్వాత "కంటిన్యూ", తర్వాత "ఎస్" ఎంచుకొని, అదే పాస్‌వర్డ్ ఇచ్చి రీబూట్ చేయాలి. ఆ పేజీ కొద్ది సెకన్లే ఉంటుంది. ఏదో తప్పు వచ్చిందనుకొని వదిలేస్తే కొత్త డ్రైవర్ పనిచేయదు. అందుకే రీస్టార్ట్ చేసేటప్పుడు కంప్యూటర్ ముందే కూర్చోండి.

మరీ పాత ఎన్‌విడియా కార్డులకు ఇప్పటి లినక్స్‌లో సరిపడే డ్రైవర్ లేకపోవచ్చు. జాబితాలో ఏదీ కనపడకపోతే ల్యాబ్‌లో అడగండి, నోమోడ్‌సెట్‌ని శాశ్వతంగా పెట్టే పద్ధతి ఉంది.

బొమ్మ ఉంది, కానీ సరిగ్గా లేదు

అక్షరాలు లావుగా, బొమ్మ సాగినట్టు ఉంటే: డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెజల్యూషన్ చూడండి. మామూలు పాత ల్యాప్‌టాప్‌లకు 1366×768, కొత్తవాటికి ఎక్కువగా 1920×1080 ఉండాలి. జాబితాలో 1024×768 దాటి ఏమీ లేకపోతే సరైన డ్రైవర్ నడవడం లేదు. టెర్మినల్ తెరిచి ఐఎన్ఎక్స్ఐ, ఒక ఖాళీ, మధ్యగీత, పెద్ద జి టైపు చేసి ఎంటర్ కొట్టండి (మింట్‌లో ఇది ముందే ఉంటుంది). అందులో "ఎల్ఎల్‌వీఎమ్‌పైప్" అని కనపడితే గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పని ప్రాసెసర్ నెత్తిన పడిందని అర్థం.

పాత మానిటర్, నీలం కొనల వీజీఏ వైరు అయితే వైరు మార్చి చూడండి. ఆ వైరులో ఒక పిన్ను విరిగినా మానిటర్ తన సైజు ఎంతో కంప్యూటర్‌కి చెప్పలేకపోవచ్చు.

అక్షరాలు చీమల్లా ఉంటే: అదే సెట్టింగ్స్‌లో "స్కేల్" 125 లేదా 150 శాతానికి పెంచండి.

బొమ్మ మినుకుమినుకుమంటే: ఉబుంటు 24.04లో పాస్‌వర్డ్ అడిగే పేజీలో కింద చక్రం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి "ఉబుంటు ఆన్ ఎక్సార్గ్" ఎంచుకొని చూడండి.

అప్‌డేట్ చేశాక నల్లబడితే: గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లోకి పోయి, పై నుంచి రెండో నంబరు కెర్నెల్ ఎంచుకోండి ("రికవరీ" అని లేనిది). నిన్నటిదాకా పనిచేసింది అదే.

ప్రొజెక్టర్‌లో బొమ్మ రాకపోతే: విండోస్ గుర్తు కీ, పి కలిపి నొక్కండి.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు వస్తే

తెలుగు మాధ్యమం పిల్లలకు ఇది ముఖ్యం. పాఠం తెరిస్తే అక్షరాల చోట చతురస్రాలు కనపడుతున్నాయంటే ఫైలు పాడవలేదు, తెలుగు ఫాంట్ లేదంతే. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫాంట్స్-తెలు అని వెతకండి (ఎఫ్ఓఎన్‌టిఎస్, మధ్యగీత, టిఇఎల్‌యు). దొరకకపోతే టెర్మినల్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు అని ఇవ్వండి. దీని తోడు ప్యాకేజీ ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రాలో పోతన, వేమన ఫాంట్లు కూడా వస్తాయి. వేశాక బ్రౌజర్ మూసి తెరవండి.

ఈ పనులు చేయకండి

- ఒకసారి నల్లబడగానే మళ్ళీ మళ్ళీ లినక్స్ వేయకండి. అదే డ్రైవర్ మళ్ళీ వస్తుంది, అదే నలుపు మళ్ళీ వస్తుంది. పైగా తొందరలో "ఎరేజ్ డిస్క్" నొక్కితే విండోస్, ఫోటోలు, మార్కుల జాబితాలు అన్నీ పోతాయి.
- అప్‌డేట్ నడుస్తుండగా పవర్ బటన్ నొక్కి ఆపకండి.
- సుడో అనే పదంతో మొదలయ్యే ఆదేశం ఏం చేస్తుందో తెలియకుండా ఎక్కడినుంచో తెచ్చి వేయకండి. ఆ పదానికి కంప్యూటర్‌లో ఏదైనా మార్చే అధికారం ఉంటుంది.
- పైవన్నీ చూడకుండా బోర్డు మార్చడానికి ఒప్పుకోకండి. లినక్స్ వేసిన యూఎస్‌బీ పెట్టి, దాని నుంచే ఆన్ చేసి చూపించమనండి. దాంట్లో బొమ్మ వస్తే బోర్డు, స్క్రీన్ రెండూ పనిచేస్తున్నట్టే.

ల్యాబ్‌కి తెచ్చేవాళ్ళకు

ఇవన్నీ చేసినా రాకపోతే కంప్యూటర్ సారుకి చూపించండి. వచ్చేటప్పుడు ఛార్జర్, లినక్స్ వేసిన యూఎస్‌బీ, ఒక కాగితం తీసుకురండి. కాగితం మీద ల్యాప్‌టాప్ మోడల్, ఏ లినక్స్, ఎన్నో నంబరు, బొమ్మ పై ఐదింటిలో ఎక్కడ ఆగింది, మీరు ఏమేం చేసి చూశారు అనేవి రాయండి. స్క్రీన్ మీద ఏదైనా రాత కనపడితే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

పిల్లలూ, ఆ కాగితం మీరే రాయండి. అమ్మానాన్నలకు పక్కన కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఏం జరిగిందో వరుసగా చెప్పగలిగితే సగం రిపేరు అయిపోయినట్టే.