షెల్లీ చూడని ఎడారి

1817 డిసెంబరు చివర్లో ఇద్దరు మిత్రులు పందెం వేసుకుని ఒకే విషయం మీద చెరో పద్యం రాశారు. ఒకరు పాతికేళ్ల కవి షెల్లీ, మరొకరు షేర్ల వ్యాపారం చేసే హొరేస్ స్మిత్. షెల్లీ రాసిన ‘ఓజిమాండియస్’ 1818 జనవరి 11న ‘ది ఎగ్జామినర్’ పత్రికలో అచ్చయింది. పద్నాలుగే పాదాలు. ఎడారిలో విరిగిపడిన రాజవిగ్రహం, దాని పీఠం మీద ఆ రాజు గొప్పలు, చుట్టూ ఇసుక తప్ప మరేమీ లేని శూన్యం.

షెల్లీ ఈజిప్టు ముఖం చూడలేదు. ఆ రాజు పలుకులు గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ రాతల్లోనివి. అయితే డయొడోరస్ వర్ణించిన విగ్రహంలో చిన్న బీట కూడా లేదు! ఓజిమాండియస్ అంటే ఈజిప్టు రాజు రెండో రామ్సెస్. థీబ్స్ నగరం దగ్గర నైలు పడమటి ఒడ్డున ఉన్న అతని ఆలయానికి కూతవేటు దూరంలో పచ్చని పొలాలే ఉంటాయి. 1816లో అక్కడి నుంచి ఏడు టన్నుల పైచిలుకు బరువున్న రాతి తలను బెల్జోని లండన్‌కు తరలించే పని చేపట్టాడు. ఇంగ్లండులో బలప్రదర్శనలతో పొట్టపోసుకున్న ఇటలీ వాడతను. దుంగల మీద దొర్లిస్తూ, మోకులతో లాగిస్తూ ఆ తలను నది ఒడ్డుకు చేర్చడానికి రెండు వారాలకు పైగా పట్టింది. అతన్ని తొందరపెట్టింది ఇసుక కాదు, వరద. నైలు పొంగితే దారంతా మునిగిపోతుంది మరి.

ఆ తల ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పెదవుల మీద ప్రశాంతమైన చిరునవ్వు. షెల్లీ రాజు మాత్రం భృకుటి ముడిచి, పెదవి విరిచి ఆజ్ఞాపిస్తుంటాడు. లండన్ జనం ఆ తలను చూడకముందే పద్యం వెలువడింది కాబట్టి పోలిక కుదరకపోవడంలో వింత లేదు. నా మటుకు ఆ వెక్కిరింపు ముఖం థీబ్స్‌ది కాదు, లండన్‌దే అనిపిస్తుంది. 1817లో ఇంగ్లండు ప్రభుత్వం హెబియస్ కార్పస్‌ను నిలిపివేసి, విచారణ లేకుండానే మనుషుల్ని నిర్బంధించింది. ‘ఎగ్జామినర్’ సంపాదకుడు లీ హంట్ అంతకుముందే యువరాజును దుయ్యబట్టినందుకు రెండేళ్లు జైల్లో గడిపాడు.

స్మిత్ తన పద్యంలో దాపరికం పెట్టుకోలేదు. లండన్ శిథిలాల మధ్య తిరిగే ఓ వేటగాణ్ణి నేరుగా చూపించాడు. దాన్నీ హంటే ఫిబ్రవరి 1న వేశాడు. షెల్లీ పద్యంలో చెప్పేవాడికి ఆ సంగతి ఒక బాటసారి చెప్పాడు; బాటసారి చూసింది శిల్పి ఉలికి దొరికిన రాజును. ఇన్ని కళ్లు దాటి వచ్చిన రాజుకు ఏ దేశమైనా సొంతదేశమే. ఎడారి అతని ఊరినీ పేటనీ తుడిచిపెట్టేసింది కూడా.

1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో, సంస్కరణలు కోరుతూ గుమిగూడిన జనం మీద గుర్రపు దళం విరుచుకుపడిన పీటర్లూ ఊచకోత జరిగింది. ఈసారి షెల్లీ మంత్రుల పేర్లే పెట్టి ‘ది మాస్క్ ఆఫ్ అనార్కీ’ రాసి ఇటలీ నుంచి హంట్‌కు పంపాడు. హంట్ దాన్ని 1832 దాకా బయటపెట్టలేదు. అప్పటికి షెల్లీ పోయి పదేళ్లు.